నా తప్పు ఆమెకు ముందే తెలుసు

ఆళ్లగడ్డలో బస్సు దిగితే నాకు ఇప్పటికీ ముందు వినిపించేది ఉలి చప్పుడే. మొన్న అక్క ఇంటికి పోతూ శిల్పుల షెడ్డు ముందు ఆగాను. ఒకాయన ఇంకా చెక్కడం మొదలుపెట్టని రాతిని చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టి, చెవి ఆనించి వింటున్నాడు. లోపల పగులుంటే చప్పుడులో తెలుస్తుందట. ఆ టకటకలో సుగుణమ్మ టీచర్ గుర్తొచ్చింది. మా బడి ఆ షెడ్డు వెనకే ఉండేది. ఆమె రోజూ నంద్యాల నుంచి బస్సులో వచ్చి మాకు నాలుగో తరగతి చెప్పేది.

నన్ను ఎవరైనా ఒక మాట అంటే నేను మరిచిపోను. మా ప్రధానోపాధ్యాయుణ్ణి అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయన నన్ను మట్టిబుర్ర అన్నప్పుడు ఏ కిటికీ పక్కన నిలబడి ఉన్నాడో, ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. కారణం తీసివేతలు. కొన్ని సరిగ్గా వచ్చేవి, ఎక్కువ తప్పేవి. అన్నీ ఒకే రకంగా చేసేదాన్ని, మరి ఎందుకు తప్పేవో నాకు అంతుపట్టేది కాదు.

సుగుణమ్మ టీచర్ పరీక్షల దాకా ఆగేది కాదు. ప్రతి పాఠం చివర బోర్డు మీద ఒక్క లెక్క వేసేది. పలకల మీద చేసి పైకెత్తి చూపాలి. మార్కులు లేవు, దెబ్బలు లేవు. వరసల మధ్య నడుస్తూ చూసేది, అంతే. ఎక్కువమందికి తప్పు వస్తే మరునాడు అదే పాఠం ఇంకో రకంగా చెప్పేది. అందరి పలకలూ చూస్తూ సాగిపోయే మనిషి నా దగ్గరకొచ్చేసరికి ఆగేది.

"ఎట్ల చేస్తివి పాపా?"

"చేసినా టీచర్."

"చేసినావులే. ఎట్ల చేసినావో చెప్పు."

"ఏందీ టీచర్, అందర్నీ వదిలేసి నన్నే అడుగుతాండారు?"

వెనక వరస కిసుక్కున నవ్వింది. రోజూ ఇదే తంతు. ఓర్చుకోలేక ఒకనాడు పెద్దసారు దగ్గరికి పోయి ఫిర్యాదు చేశాను. ఆ ఫిర్యాదులో తప్పేమీ లేదని ఈ రోజుకీ అంటాను. ఆయన మాత్రం, "తీసివేతలు రానిదానివి, టీచరమ్మ మీద చెప్పేంతదానివైతివా? రేపట్నుంచి పోయి మూడో తరగతిలో కూర్చో" అన్నాడు. ఇంట్లో నాయన ఇంకా తేలిగ్గా తేల్చేశాడు. "చిన్నపిల్లోళ్లతో మళ్లా మూడు చదివేదానికి బడి ఎందుకు? మీయమ్మతో మిరప చేనికి పో."

మరునాడు పొద్దున్నే సంచి పట్టుకుని ఏ గదిలోకి పోవాలో తెలియక వరండాలో నిలబడ్డాను. బస్సు దిగి వచ్చిన టీచర్ సంగతి విని, నా చెయ్యి పట్టుకుని పెద్దసారు గదిలోకి నడిచింది.

"సార్, ఈ పాపకు మీరే ఒక తీసివేత ఇయ్యండి. మీ ఇష్టమొచ్చింది."

ఆయన విసుగ్గా, అరవై ఒకటిలోంచి ఇరవై ఏడు తీయమన్నాడు. నేను పలక మీద వేసుకుంటుండగా టీచర్ ఇంకో పలక మీద ఏదో రాసి బల్లమీద బోర్లించింది. నేను చేసి చూపించాను. నలభై ఆరు.

"చూస్తివా టీచరమ్మా? తప్పే గదా!"

"తప్పే సార్." ఆమె తన పలక తిప్పింది. దాని మీద నలభై ఆరు.

నేనింకా చేయని తప్పు ఆమె పలక మీదికి ముందే ఎట్లా వచ్చింది?

"బుర్ర లేనోళ్ల తప్పు ముందుగా చెప్పలేం సార్. ఈ పాప ఎవరో చెప్పిన మాట ఒకటి పట్టుకోని, తప్పకుండా అట్లనే చేస్తాంది. ఎవరు చెప్పినారు పాపా?"

నాకు బాగా గుర్తుంది. చెప్పాను. "పెద్దసారే. ఒకటో తరగతిలో, వానొచ్చిన రోజు. ఎప్పుడూ పెద్దదాంట్లోంచే చిన్నది తీయల్ల అన్నారు. మర్చిపోతే తొడపాశం పెడ్తానన్నారు. నేను మర్చిపోలా!"

పెద్దసారు నా పలక తీసుకుని మళ్లీ చూశాడు. ఒకట్ల స్థానంలో ఏడు పెద్దది, ఒకటి చిన్నది. అందుకే ఏడులోంచి ఒకటి తీశాను. చెప్పినట్టే చేశాను.

"సారు చెప్పింది ఒకటో తరగతికి సరే. ఆ తర్వాత నువ్వు ఎట్ల చేస్తాండావో ఎవరూ అడగలా" అంది టీచర్. కంది పుల్లలు తెప్పించి, పదేసి చొప్పున ఆరు కట్టలు కట్టి, విడిగా ఒక పుల్ల పెట్టింది. "ఏడు పుల్లలు ఇయ్యి."

"ఒకటే ఉంది టీచర్."

"యాడుండాయో చూడు."

చాలాసేపు చూశాను. తర్వాత ఒక కట్ట తాడు విప్పాను. కట్ట విప్పొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. పెద్దసారు గొంతు సవరించుకుని, "సరే, నాలుగులోనే కూర్చో పో" అన్నాడు. మట్టిబుర్ర అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. అదీ గుర్తుంది.

ఇప్పుడు నంద్యాలలో నేనే నాలుగో తరగతి చెబుతున్నాను. మార్కులు నింపి పంపమనేవాళ్లతో ప్రతి మీటింగులోనూ తగాదా పడతాను. ఏ పిల్ల లెక్క ఎట్లా చేసిందో రాయడానికి గడి ఏదని అడుగుతాను. ఈమె ఇంకెప్పుడు మారుతుందని గొణుక్కుంటారు. ఎవరు గొణిగారో తెలుసు.

ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మరునాడు, ఎప్పుడూ తప్పులు చేసే ఒక అమ్మాయికి లెక్క ఇచ్చి, ఆమెకు ఏ తప్పు వస్తుందో ముందే పలక మీద రాసి బోర్లించాను. ఆ అమ్మాయి చేసింది. నా పలక తిప్పి చూశాను. ఆమెదీ తప్పే, నాదీ తప్పే, రెండూ వేరు వేరు. ఇన్నేళ్లు చెప్పినా సుగుణమ్మ టీచర్‌కు తెలిసినంత నాకింకా తెలియదు. పలక పక్కన పెట్టి ఆ అమ్మాయి బెంచీ మీద ఆమె పక్కనే కూర్చున్నాను.

"ఎట్ల చేస్తివి పాపా? చెప్పు."