అందరి రెండో ఓటు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగులో నేను పాఠాలు చెప్పే బడికి రోజూ నూరుల్లా ఆటోలోనే వెళ్లేదాన్ని. స్టాండులో అరవై బండ్లున్నా ఆయన వంతు వచ్చేదాకా ఆగేదాన్ని. నెమ్మదిగా తోలేవాడు. దిగాల్సిన ముసలమ్మకు సంచి అందించి, రోడ్డు దాటేదాకా చూసి గానీ బండి కదిలించేవాడు కాదు.

నూరుల్లా, ఓబులేసు, గురవయ్య ఒకే మెకానిక్ షెడ్డులో పానాలు అందిస్తూ పెరిగి, ఒకే ఆటో మీద తోలడం నేర్చుకున్నారు. మధ్యాహ్నం ముగ్గురి క్యారియర్లూ ఒకే వెనక సీటు మీద తెరుచుకునేవి. ఆ స్నేహాన్ని చెడగొట్టింది యూనియన్ ఎన్నిక. నలుగురు నిలబడితే, మూడోవంతు ఓట్లయినా రాని ఓబులేసు ప్రెసిడెంటయ్యాడు. ఏ బండి ముందు కదలాలో చెప్పేది ప్రెసిడెంటే. ఓబులేసుది జమ్మలమడుగు. పొద్దుటి గిరాకీ అంతా తన ఊరి బండ్లకే ఇస్తున్నాడని ప్రొద్దుటూరు వాళ్ల తరఫున గురవయ్య తగువు పెట్టుకున్నాడు.

"శానామంది వద్దన్నోడివి, నువ్వేంది మాకు సెప్పేది?" అన్నాడు అందరి ముందూ.

అంతటితో ఇద్దరికీ మాటల్లేవు. నూరుల్లా మాత్రం ఓబులేసు దగ్గర సగం, గురవయ్య దగ్గర సగం తిని లేచేవాడు. ఇద్దర్నీ మళ్లీ ఒకే సీటు మీద కూర్చోబెట్టాలి, ఆయనకు అంతకుమించి కోరిక లేదు.

అప్పుడే నేను పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటేసి వచ్చాను. ఆ ఓటు ఎలా వేస్తారని దారిలో అడిగాడు. నచ్చిన వరుసలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తామని, ఎవరికీ సగం దాటకపోతే అందరికంటే తక్కువ వచ్చినవాణ్ణి తీసేసి, అతని ఓట్లను వాటి మీదున్న రెండో అంకె ప్రకారం మిగిలినవాళ్లకు పంచుతారని చెప్పాను.

"మా స్టాండులో బండ్ల సీరియల్ మాదిరే గదా మేడం! మొదటి బండి కదలకపోతే ప్యాసింజరు రెండో బండి ఎక్కుతాడు. ఓటు వృథా కాదు."

ప్రెసిడెంటును మళ్లీ ఈ పద్ధతిలో ఎన్నుకుందామని, అది వివరించడానికి యూనియన్ మీటింగుకు నన్నూ పిలిచాడు. మొదట ఎక్కువ వచ్చినవాడు ఆఖర్న ఓడిపోతే అదేం న్యాయమని ఓబులేసు అడిగాడు. అంకె తప్పు రాస్తే ఓటే చెల్లదట గదా అని గురవయ్య. రెండూ నిజమేనని ఒప్పుకున్నాను. కానీ ఈ పద్ధతిలో ఎదుటి పక్షం వాళ్ల రెండో ఓటు కూడా కావాలి, అందుకైనా నోరు అదుపులో పెట్టుకుంటారని చెప్పాను. అందరూ నవ్వి, సరేనన్నారు.

ఓబులేసు, గురవయ్య, నూరుల్లా ముగ్గురూ నిలబడ్డారు. నిజంగానే నోళ్లు మెత్తబడ్డాయి. రెండు పక్షాల వాళ్లూ నూరుల్లా దగ్గరికి వచ్చి ఒకే మాట అన్నారు: "మా ఊరోడికి ఒకటి ఏయకపోతే బాగుండదు మామా. రెండు మాత్రం నీకే."

ఆయన మురిసిపోయాడు. "ఆ రెండోవి లెక్కలోకి రావాలంటే, మొదటివి కూడా కొన్ని కావాలి నూరుల్లా అన్నా" అన్నాను. "వస్తాయిలే మేడం" అని నవ్వాడు.

ఓట్లు నేనే లెక్కపెట్టాను. ఓబులేసుకు ఇరవై ఒకటి, గురవయ్యకు ఇరవై, నూరుల్లాకు పందొమ్మిది. అందరికంటే తక్కువ కాబట్టి నూరుల్లా పోయాడు. ఆయన ఓట్లు పంచితే గురవయ్య గెలిచాడు. మిగతా ఇద్దరికీ పడిన చీటీల్లో ఇంచుమించు అన్నింటి మీదా నూరుల్లాకు రెండు వేసి ఉంది. వాటిని లెక్కపెట్టే అవసరం నిబంధనల ప్రకారం రాలేదు. చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది.

"మొదట ఎక్కువొచ్చింది నాకు, ప్రెసిడెంటు వాడా?" అని ఓబులేసు ఆ సాయంత్రమే తన వాళ్ల బండ్లన్నీ రోడ్డుకు అవతల పెట్టించాడు. ఒక స్టాండు రెండయింది.

మర్నాడు ఆటోలో ఉండబట్టలేక అనేశాను. "ఒక్క ఓటు అన్నా! గురవయ్య వైపు నుంచి ఒక్కడు మీకు ఒకటి వేసుంటే గురవయ్యే ముందు పోయేవాడు. వాళ్ల రెండో ఓట్లతో మీరు గెలిచేవాళ్లు."

ఆయన బండి రోడ్డు పక్కకు తీశాడు.

"ఆ ఒక్కడు నేనే మేడం."

నాకు అర్థం కాలేదు.

"నా పేరుకు నేనే ఒకటి ఏసుకునేదానికి సిగ్గయింది. గురవయ్యకు శానా తక్కువొస్తాయని అందరూ అంటాంటిరి. ముందుగా తీసేస్తే వాడు సిన్నబోతాడని వానికి ఒకటి ఏసి, నాకు రెండు ఏసుకున్యా. అందరూ నాకు రెండు ఏస్తాండారు గదా, సాలనుకుంటి."

ఆయన వీపు వైపు చూస్తూ కూర్చున్నాను. ఖాకీ చొక్కా భుజాలు కదులుతున్నాయి. ఇంత మంచితనం దేనికని తిట్టాలనిపించింది, పక్కన కూర్చుని ఏడవాలనీ అనిపించింది.

"పోనీలే మేడం. వాడైతే సిన్నబోలేదు" అని ముఖం తుడుచుకుని బండి కదిలించాడు.

రెండు స్టాండుల్లో ఏ ఒక్కదానిలో బండి పెట్టినా రెండోవాడికి దూరమవుతాడు. నెల తిరక్కుండానే పులివెందుల చేరి, వేంపల్లె రూటులో తోలుకుంటున్నాడు. అక్కడ క్యారియర్ ఒక్కడే విప్పుకుంటాడట.

ఇప్పుడు నేను ఒకరోజు ఇవతలి స్టాండులో, ఒకరోజు అవతలి స్టాండులో ఆటో ఎక్కుతున్నాను. గురవయ్య, ఓబులేసు ఇప్పటికీ మాట్లాడుకోరు. నూరుల్లా సంగతి ఎత్తితే మాత్రం రోడ్డుకు ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు ఒకే మాట చెబుతారు.

"శానా మంచోడు మేడం. నేను వానికే రెండేసినా."