చుక్క కారని గేరు పెట్టె

రిటైరయ్యాక మల్కాజ్‌గిరిలో పెద్దల రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. అంతకు ముందు రాయడం రాదు కాబట్టి ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చమురు డబ్బాలను రంగు చూసి, వాసన చూసి గుర్తుపట్టేదాన్ని.

1968 చలికాలంలో నన్ను యూనివర్సిటీ తోటపని నుంచి తార్నాక వైపు ఉన్న బండ్ల షెడ్డుకు మార్చారు. హోదా మజ్దూర్. విప్పిన సామాను కిరసనాయిలుతో కడగడం, నేల తుడవడం నా పని. నా పైన రహీం మిస్త్రీ, ఆయన పైన సూపర్‌వైజర్.

టపా మోసే నర్సింహకు ఒక పాత మోటారు సైకిలు ఇచ్చారు. పొద్దున పూట దానికి గేరు పడేది కాదు, మధ్యాహ్నానికి మామూలుగా పడేది. అతను తన్ని తన్ని పాడు చేస్తున్నాడని సూపర్‌వైజర్ అనుమానం. మరునాడు కూడా ఇలాగే ఉంటే బండి తీసుకుని సైకిలు ఇస్తానని చెప్పేశాడు. నర్సింహ మోకాలు ఒకసారి విరిగి అతికింది. సైకిలు తొక్కలేడు. అంటే అతని ఉద్యోగం పోయినట్టే.

“నీది గాడిద కాలు రా. తన్నుడు తప్ప ఏం తెల్వది,” అన్నాడు మిస్త్రీ.

“నా కాలు మంచిగనే ఉన్నది మిస్త్రీ సాబ్. గేరుకే పొద్దుగాల లేవబుద్ధి అయితలేదు.”

మిస్త్రీ క్లచ్ వైరు సరిచేశాడు. మార్పు లేదు. నాకు ఒకటే కుతూహలం.

“తప్పు కాలుదే అయితే పగటీలికి మంచిగెట్లయితది?” అని అడిగాను.

“అరె, గది అడగాలె ముందుగాల!” అంటూ ఆయన గేరు పెట్టె మూత విప్పాడు.

లోపల చూసి ఇద్దరం ఆశ్చర్యపోయాం. ఆ పెట్టె నుంచి ఆయిలు కారి నేల ఖరాబవుతున్నదని, అంతకు ముందు ఎవరో చక్రాల బేరింగులకు పెట్టే గట్టి గ్రీజు కూరారు. పళ్ళ చక్రాలు దాన్ని గోడలకు నెట్టేశాయి. చలికి గట్టిపడి అది అక్కడే ఉండిపోయింది. నడుమ చక్రాలు పొడిగా మెరుస్తున్నాయి. గేరు మార్చే ఫోర్కు తన కడ్డీ మీద జరగడం లేదు. పగలు ఇంజను వేడికి గ్రీజు కొంచెం కరిగితేనే దానికి తడి అందేది.

గ్రీజంతా గీకి, నేను సామాను కడిగి ఆరబెట్టాను. ఫోర్కు వంగలేదని, పళ్ళ అంచులు అరగలేదని మిస్త్రీ చూశాడు. బండిని నిటారుగా నిలబెట్టి, మట్టం చూసే లెవెల్ బోల్టు రంధ్రం దగ్గరికి వచ్చే దాకా గేరు ఆయిలు పోశాడు.

“ఇగ కారుతది. రోజూ తుడువాలె లచ్చమ్మా,” అన్నాడు.

“కారనియ్యిండ్రి. నర్సింహన్న కొలువైతే నిలవడుతది,” అన్నాను.

కారడం ఒక్కటే లోపం కాదనీ, కారకపోతే ఎందుకు కారడం లేదో కూడా అడగాలనీ ఆ పనిలో తెలుసుకున్నాను. అప్పటిదాకా బండి కింద నేల పొడిగా ఉంటే అంతా బాగున్నట్టే అనుకునేదాన్ని.

మరునాడు పొద్దున సూపర్‌వైజర్ చూస్తుండగా నర్సింహ బండి స్టార్టు చేసి, కాలి బొటనవేలితో గేరు మీటను మెల్లగా నొక్కాడు. గేరు పడింది. టపా సంచీతో తార్నాక వైపు వెళ్ళిపోయాడు. బండి నిలిపిన చోట అరచేయంత ఆయిలు మరక ఉంది. నేను దాన్ని తుడిచి, అక్కడ ఒక పాత రేకు పళ్ళెం పెట్టాను.