నేను మరిగించిన రెడ్ వైన్

"మామ్మగారూ, మొత్తం మరగబెట్టిన్రా? నిజం చెప్పుండ్రి!"

"మరిగించక ఏం చెయ్యమంటావే? మూత తియ్యగానే పులిసిన వాసన గుప్పుమంది. పాడైన రసం తెచ్చి నా మొహాన పెట్టావు. పారబోయడానికి చేతులు రాక, నీళ్ళూ పంచదారా పోసి బాగుచేశాను."

"అది పాడైంది కాదు, రెడ్ వైన్! రేపు ఇంటర్వ్యూకని తెచ్చుకున్న."

"తాగేదా? ప్రభువు బల్లకి కాచే గిన్నెలోకి తాగేది తెచ్చావా?"

"నేను గట్టు మీద పెట్టిన. గిన్నెల పోసింది మీరు."

గిన్నె మీద మూత పెట్టేశాను.

కెనడాలో, బ్రాంప్టన్‌లో మా అబ్బాయి ఇంటి బేస్‌మెంటులో ఉండేది ఆ తెలంగాణ పిల్ల. చదువులకని పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. వంట మాత్రం పైన మాతోపాటే. మా తెలుగు క్రైస్తవ సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం ఇస్తారు. దానికి ద్రాక్షారసం కాచే పని నాది. నల్ల కిస్‌మిస్ నానబెట్టి, మరిగించి, పిప్పిలో చుక్క మిగలకుండా పిండుతాను. మత్తున్నది మావాళ్ళు ముట్టరు. ఈసారి కిస్‌మిస్ నువ్వు తెమ్మని ఆ పిల్లకి చెప్పాను. గురువారం వంటగట్టు మీద ద్రాక్షగుత్తి బొమ్మ ఉన్న సీసా కనబడింది. మూడో తరగతి దాటని నాకు దాని మీది ఇంగ్లీషు రాదు. కిస్‌మిస్ బదులు రసమే తెచ్చిందనుకున్నాను.

అప్పుడు చెప్పింది ఆ పిల్ల. చదువు అయ్యాక ఇచ్చిన వర్క్ పర్మిట్ ఇంకా ఐదు నెలలే ఉందట. నయాగరా వైపు ఒక ద్రాక్షతోటలో, వచ్చినవాళ్ళకి వైన్ పోసి దాని గుణం వివరించే ఉద్యోగం. అది దొరికితే పీఆర్‌కి, అంటే ఇక్కడే ఉండిపోవడానికి, దారి దొరుకుతుందని ఆశ. ఇంకెక్కడా కబురు రాలేదు. తమ వైన్ కంప్యూటర్ ముందు తాగి, ఎలా ఉందో చెప్పమన్నారట. అది ఆ తోటలోనే అమ్ముతారు. బస్సులు మారి ఒక పూటంతా పోయి తెచ్చుకుంది. మళ్ళీ వెళ్ళే వ్యవధి లేదు.

సీసా అడుగున రెండు చెంచాలంత మిగిలింది. స్టీలు గ్లాసులో వంచి, సగం తను చప్పరించింది.

"ఫుల్ బాడీ అంటరు మామ్మగారూ. నీళ్ళ లెక్క జారిపోదు. నోట్లె కూసుంటది."

"కూర్చుని ఏం చేస్తుంది?"

"గదే చెప్పరాదు నాకు. బ్లాక్‌బెర్రీ, సెడార్ చెక్క అని రాసుకున్న. ఎన్నడన్న తిన్ననా, చూసిననా?"

మిగతా సగం నా వైపు జరిపింది. డెబ్భై ఏళ్ళుగా అలాంటిది నా నోట పడలేదు. కానీ పాడుచేసింది నేను. నాలుక మీద వేసుకున్నాను.

ముందు బాగా పండిన నేరేడు. వెంటనే పచ్చివక్క నమిలినట్టు చిగుళ్ళు బిగుసుకున్నాయి. తీపి లేదు. తరవాత, మా నాన్న చుట్టలు దాచుకునే చెక్కపెట్టె మూత తీసినప్పటి వాసన. మింగాక కూడా అది పోలేదు, గొంతులో వెచ్చగా నిలబడింది. పల్చనివన్నీ తాగి బతికినదాన్ని. ఇంత చిక్కనిది ఒకటుందని తెలియదు. నాకు నచ్చింది. ఆ మాట సంఘంలో ఎవరికీ చెప్పలేదు.

ఆ పిల్లకి మాత్రం రుచంతా చెప్పాను. "నేరేడును ఇంగ్లీషుల ఏమంటరో!" అంటూ రాసుకుంది. అంతసేపట్లో ఒక్కసారి నవ్వింది.

"రుచి మాటలల్ల చెప్త. గ్లాసుల రంగు కనబడితే చాలు, మీరు మరగబెట్టిన పాయసమే పోయుండ్రి," అంది.

"ఏడిపించకు," అన్నాను. కానీ పోశాను.

మర్నాడు తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, గ్లాసు ముందు పెట్టుకుని మా భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. నాలుగు మాటలైనా కాకముందే కంప్యూటర్ మూసేసింది.

"రుచి అడిగారా?"

"అడగలేదు. పర్మిట్ ఎప్పటిదాక అన్నరు, చెప్పిన. ఇంకా ఏడాదన్న పర్మిట్ ఉన్నోళ్ళే కావాలన్నరు."

అన్నం తిని వెళ్ళమన్నాను. వద్దంది. చొక్కా మార్చుకుని పదిన్నర బస్సుకి, ఎప్పుడూ చేసే గోడౌన్ షిఫ్టుకి వెళ్ళిపోయింది.