మబ్బుల మేస్త్రీ

ఆ వీధిలో ఎవరైనా పోతే ముందు డాక్టరుకి, తరవాత చుట్టాలకి, ఆ తరవాత మబ్బుల మేస్త్రీకి కబురు వెళ్ళేది. ఇటుక ముట్టని మేస్త్రీ ఆయన. ఉన్నది ఒక ఫోటోల దుకాణం. పోయినవాళ్ళ పాత ఫోటో ఏదో ఒకటి తెచ్చిస్తే, గుంపులోంచి ఆ ముఖాన్ని జాగ్రత్తగా విడదీసి, పెద్దది చేసి, వెనక మబ్బులు పెట్టి, ఫ్రేము కట్టి ఇచ్చేవాడు. మబ్బుల సందుల్లోంచి వెలుగు దిగుతూ ఉండేది. ఆ వెలుగులో ఎంతటివాడైనా మంచివాడిలా కనిపించేవాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆ వీధిలో వాటిని చారెడు చేసేది మేస్త్రీయే.

పేరు పెట్టింది భార్య. "అందరూ ఇక్కడ ఇళ్ళు కడితే మా ఆయన పైన కడతాడు. మేస్త్రీ కాక మరేమిటి?" అనేది. వీధి ఆ పేరునే పట్టుకుంది.

వచ్చేవాళ్ళ కోరికలకి అంతుండేది కాదు.

"మా నాన్నకి కోటు తొడగండి."

"ఎప్పుడైనా వేసుకునేవారా?"

"లేదండీ. అక్కడ చలిగా ఉంటుందేమోనని."

మరొకావిడ అత్తగారి ఫోటో తెచ్చింది. "కాస్త నవ్వించండి" అంది.

"నవ్విన ఫోటో ఇంకొకటి ఉంటే తీసుకురండమ్మా."

"అదే ఉంటే మీ దగ్గరికెందుకొస్తానండీ?"

మేస్త్రీ కోటు తొడిగేవాడు. నవ్వు మాత్రం పెదవి చివర నూలుపోగంత ఎత్తి వదిలేసేవాడు. అంతకంటే ఎత్తితే ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టరని ఆయన అనుభవం.

ఒకసారి మాత్రం తంటా వచ్చింది. ఎదురెదురు ఇళ్ళ పెద్దమనుషులిద్దరు వీధిలోకి ముందుకొచ్చిన ఒక గోడ గురించి బతికినంతకాలం కోర్టుకి తిరిగి, ఒకరి వెనక ఒకరు పోయారు. రెండు ఇళ్ళలోనూ ముందుగదిలో ఫోటో పెట్టారు. తలుపులు తీస్తే ఒకరికొకరు కనిపించేవారు. కొన్నాళ్ళకి ఒకాయన కూతురు ఫ్రేము చంకన పెట్టుకుని దుకాణానికి వచ్చింది.

"ఇదిగో, ఈ కుందేలు చెవుల్లాంటి మబ్బు చూడండి. ఎదురింటాయన తల వెనకా ఇదే ఉంది. మా నాన్న తల వెనకా ఇదే ఉంది. అంటే ఇద్దరూ ఒకే చోట ఉన్నారా?"

"స్వర్గం ఒకటే కదమ్మా."

"ఆయనున్న స్వర్గంలో మా నాన్న క్షణం ఉండడండీ. వేరే చోటు చూడండి."

మేస్త్రీ దగ్గర వేరే చోటు లేదు. ఉన్న చోటునే అద్దంలో చూసినట్టు ఎడమది కుడికి తిప్పాడు. కుందేలు చెవులు అటు వెళ్ళాయి. ఆవిడ తృప్తిగా తీసుకుపోయింది. అప్పటినుంచి స్వర్గానికి రెండు వీధులు ఏర్పడ్డాయి.

నిజానికి అవి మబ్బులు కావు. లాండ్రీ ఆవిరి.

దుకాణం వెనక సందులో పెద్ద లాండ్రీ ఒకటి ఉంది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ కర్టెన్లు అక్కడికే వస్తాయి. మేస్త్రీ భార్య అక్కడ ఇస్త్రీ మిషను మీద పనిచేసేది. పెళ్ళయిన కొత్తలో, మేస్త్రీ దగ్గరికి మొదటిసారి ఎవరో "వెనక ఆకాశం పెట్టగలరా?" అని అడిగారు. బయటికి వెళ్ళి చూస్తే ఆకాశం నిండా కరెంటు తీగలే. ఆ మధ్యాహ్నం భార్యకి అన్నం డబ్బా ఇవ్వడానికి లాండ్రీకి వెళ్ళాడు. ఆవిడ మిషను మూత ఎత్తింది. ఆవిరి గుప్పున లేచింది. వెనక కిటికీలోంచి ఎండ అందులో పడింది. మెడలో కెమెరా ఉంది. నొక్కాడు.

ఫోటో ఒక మూల ఆవిడ చెయ్యి పడింది. మోచేతి వరకు, దుప్పటి కొస పట్టుకుని. ఆ మూలని కత్తిరించేశాడు. మిగిలింది స్వర్గం.

ఆ సంగతి భార్యకి తెలుసు. తన తమ్ముడికి కూడా ఆవిడే చెప్పి నవ్వింది. ఎవరైనా పెద్దమనిషి పోయారని తెలిస్తే సాయంత్రం ఇంటికొచ్చి అడిగేది: "ఆయన్ని మా ఆవిరిలో నిలబెట్టేశారా? మడతలు పోయేదాకా ఉంచండి. జీవితంలో చాలా మడతలున్నాయట."

అలా నవ్వించే ఆవిడ ఒకరోజు జ్వరమని ఆసుపత్రికి నడిచి వెళ్ళింది. నడిచి రాలేదు.

ఓదార్చడానికి అందరూ వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు కుర్చీ లాక్కుని, "మంచి చోటికి వెళ్ళిందయ్యా" అన్నారు.

"ఈ చోటికేమైందండీ?" అన్నాడు మేస్త్రీ.

మాస్టారు గది చుట్టూ చూశారు. గోడకి చెమ్మ ఉంది. మాట మార్చారు.

మందుల షాపాయన ఇంకా నమ్మకంగా చెప్పాడు. "ఆవిడ పైనుంచి నిన్ను చూస్తూనే ఉంటుంది."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

"స్నానం చేసేటప్పుడు కూడానా?"

షాపాయన ఆలోచించాడు. "అప్పుడు అటు తిరుగుతుందేమోలే."

బీమా ఏజెంటు అయితే చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. "మీరిద్దరూ మళ్ళీ కలుస్తారు. నాది గ్యారంటీ."

"రాసిస్తారా?"

"అది మా కంపెనీ పరిధిలోకి రాదండీ" అన్నాడు ఏజెంటు, చెయ్యి వదిలేసి.

వచ్చినవాళ్ళందరికీ ఒకటే రుజువు. మేస్త్రీ దుకాణం గోడ మీది నమూనా ఫోటో వైపు వేలు చూపించేవాళ్ళు. "నీకు మేం చెప్పాలా? నువ్వు రోజూ చూసే చోటేగా!" ఆయన సరుకే ఆయనకి అమ్మచూశారు.

మేస్త్రీకి నమ్మాలని లేక కాదు. ఇంట్లో వెనకగది తలుపు వేసుకుని నమ్మడానికి గట్టిగా ప్రయత్నించేవాడు. కళ్ళు మూసుకుంటే మబ్బులు వచ్చేవి. వెంటనే కుందేలు చెవులు వచ్చేవి. దాంతో నమ్మకం పోయేది. వండేవాడికి ఆకలి చచ్చిపోతుందంటారు. అలాంటిదే ఇది.

చివరికి ఒక పరీక్ష పెట్టాడు. స్నానం చేసి వచ్చి, తడి తువ్వాలు తీసి మంచం మీద పడేశాడు.

కాపురం చేసినన్నాళ్ళూ ఆవిడ సహించనిది అదొక్కటే. పొయ్యి మీద పాలు పొంగుతున్నా ముందు వచ్చి తువ్వాలు సంగతి చూసేది. "మంచమేమన్నా దండెమా?" అని, ముక్కు ఎగబీల్చి, తువ్వాలు తీసి ఆయన భుజం మీద విసిరేది. ఆ మాటకి ఒక్కరోజు కూడా విరామం ఉండేది కాదు.

మేస్త్రీ మంచం పక్కన నిలబడి చూశాడు. తువ్వాలు పడి ఉంది. పరుపు నెమ్మదిగా చెమ్మ పీలుస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడూ వేశాడు. ఆ పై రోజూ వేశాడు. పరుపు మీద మచ్చ ఏర్పడింది.

ఆవిడ చూస్తూ ఊరుకునే మనిషి కాదు. ఊరుకుందంటే చూడటం లేదు. చూడటం లేదంటే లేదు. లెక్కల మాస్టారైనా ఇందులో తప్పు పట్టలేరు. ఇంత పక్కాగా తేలిన లెక్క ఏ మనిషికీ ఇంత దుఃఖం తెచ్చి ఉండదు.

అయినా రోజూ వేస్తూనే ఉన్నాడు.

ఇంట్లో మిగిలిన మనిషి అత్తగారు. మోకాళ్ళ నొప్పులతో ముందుగదిలోనే ఉండేది. కూతురు పోయినప్పటినుంచి వెనకగది గుమ్మం తొక్కలేదు. వచ్చినవాళ్ళు ఆవిడకీ పైలోకం గురించి చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆవిడ ఊ కొట్టేది. వాళ్ళు వెళ్ళాక అల్లుణ్ణి పిలిచేది.

"అమ్మాయి ఫోటో ఎప్పుడు కడతావు నాయనా?"

"చేస్తున్నాను అత్తయ్యా. అద్దం రాలేదు."

అద్దం వచ్చాక చెక్క తడిగా ఉందన్నాడు. చెక్క ఆరాక ప్రింటరు బాగాలేదన్నాడు. వీధిలో ఎవరు పోయినా తెల్లారేసరికి స్వర్గం సిద్ధం చేసే మనిషి, ఇంటిమనిషికి మాత్రం చెయ్యలేకపోయాడు.

బావమరిదికి కోపం వచ్చింది. దుకాణానికే వచ్చి నిలదీశాడు. "ఊరందరికీ చేస్తావు బావా, మా అక్కకి చెయ్యవా? అమ్మ రోజూ అడుగుతోంది."

"ఆ మబ్బులేమిటో నీకు తెలుసుగా."

"తెలుసు. అయితే ఏం? అమ్మకి తెలీదుగా."

"మీ అక్కకి తెలుసు. బతికినంతకాలం నిలబడింది ఆ ఆవిరిలోనే. పోయాక మళ్ళీ డ్యూటీకి పంపమంటావా? పగలబడి నవ్వుతుంది."

"నవ్వడానికి అక్క లేదుగా!" అనేసి బావమరిది నాలిక్కరుచుకున్నాడు.

"నేననేదీ అదే" అన్నాడు మేస్త్రీ.

బావమరిది గొంతు తగ్గించాడు. "ఉందో లేదో మనకెందుకు బావా. పెద్దావిడ. అక్కడ అమ్మాయి ఉందనుకుంటే నాలుగు ముద్దలు తింటుంది. ఒక్క అబద్ధం. నువ్వు కొత్తగా ఆడేదేం కాదుగా."

మేస్త్రీ ఇంటికి వెళ్ళాడు. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని ఉంది. కంచంలో అన్నం అలాగే ఉంది.

"ఇలా కూర్చో" అంది. "ఒక మాట అడుగుతాను, తిన్నగా చెప్పు. వీళ్ళందరివీ విన్నమాటలు. నువ్వు చేతులతో చేసేవాడివి. ఆ చోటు ఉందా?"

ఇన్నేళ్ళలో ఆయన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కోటు అడిగారు, నవ్వు అడిగారు, వేరే వీధి అడిగారు. ఉందా అని మాత్రం అడగలేదు.

"రేపు చూపిస్తాను" అన్నాడు.

మర్నాడు దుకాణం తెరవగానే ఆ మొదటి ఆవిరి ఫోటో బయటికి తీశాడు. కత్తిరించనిది. నెగటివు ఇంకా డబ్బాలోనే ఉంది. ఆవిరి, ఎండ, కుందేలు చెవులు, మూలన చెయ్యి. ఆయన దేన్నీ చెరపలేదు. దేన్నీ చేర్చలేదు. ఉన్నదున్నట్టు పెద్దది చేసి, ఫ్రేము కట్టి, మధ్యాహ్నానికి తీసుకెళ్ళి అత్తగారి ఒళ్ళో పెట్టాడు.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని చూసింది. చాలాసేపు మబ్బుల్లో వెతికింది. తరవాత మూలకి వచ్చింది.

"ఇది అమ్మాయి చెయ్యి."

"అవునత్తయ్యా."

"చిటికెన వేలు ఎడంగా పెడుతుంది. పాలగ్లాసు పట్టుకున్నా అంతే. ముఖమేది?"

"ఫోటోలో పడలేదు."

"ఇది లాండ్రీ కదూ?"

"లాండ్రీయే."

"అందరికీ నువ్వు పెట్టే మబ్బులూ..."

"ఇవే."

ఇప్పుడు ఏడుస్తుందనుకున్నాడు మేస్త్రీ. నీళ్ళ చెంబు దగ్గరికి జరిపాడు.

"ఆ గోడ తగాదా ఆయన కూడా ఇక్కడే ఉన్నాడా?" అంది అత్తగారు.

"ఆయనా ఉన్నాడు. ఎదురింటాయనా ఉన్నాడు."

ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుపు కాదు. "అయితే ఆ ఇద్దరికీ మధ్య నా కూతురు దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడిందన్నమాట. సరిపోయింది." నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంది. "మరి నేనడిగింది చెప్పలేదు. ఇది కాక, నిజంగా ఏమన్నా ఉందా?"

"లేదనే అనుకుంటున్నాను అత్తయ్యా."

ఆవిడ ఫోటో అంచు మీద వేలు రాస్తూ కూర్చుంది.

"నాకూ అలాగే అనిపిస్తుంది" అంది. "నలుగురూ అంత కష్టపడి వచ్చి ఉందంటుంటే, మర్యాదకి ఊ కొడుతున్నాను. నువ్వు నమ్ముతున్నావేమో, కాదంటే బెంగపడతావేమో అని నీ దగ్గరా నోరెత్తలేదు."

"మీరు నమ్ముతున్నారేమోనని నేనూ..."

"బాగుంది మన సంబడం" అంది అత్తగారు. కంచం దగ్గరికి లాక్కుంది. చల్లారిన అన్నం రెండు ముద్దలు తిని, మూడోది చేతిలో పెట్టుకుని ఆగింది. "నేను పోయాక నన్నూ ఇక్కడే పెట్టు. కోటూ గీటూ వద్దు. నవ్వించకు. దాని చెయ్యి అందేటంత దూరంలో పెట్టు, చాలు."

"అలాగే."

"దీన్ని ఎక్కడ తగిలిస్తావు?"

"వెనకగదిలో పెడదామనుకున్నాను."

"మేకు ఎక్కడ కొడతావో నేను చూడాలి. నీకు కొలత తెలీదు. అది ఎప్పుడూ అనేది."

చేతికర్ర పట్టుకుని లేచింది. గోడ పట్టుకుంటూ నడిచింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి, లోపల అడుగు పెట్టింది. మేస్త్రీ ఫ్రేము, సుత్తి పట్టుకుని వెనకే వెళ్ళాడు.

అత్తగారు గోడ వైపు చూడలేదు. మంచం వైపు చూసింది. తువ్వాలు. దాని కింద మచ్చ.

"మంచమేమన్నా దండెమా?"

అదే విసురు. అదే ముక్కు ఎగబీల్చడం. మేస్త్రీ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వినపడుతోందా? అదీ ఇంతే చిన్నప్పుడు. ఎక్కడ తడిస్తే అక్కడ పడేసేది. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. పెళ్ళయ్యేదాకా నేర్చుకోలేదు." చేతికర్రతో తువ్వాలు కొస ఎత్తి, ఆయన వైపు తోసింది. "పట్టుకో. పరుపంతా పాడుచేశావు."

పైలోకం గురించి మేస్త్రీ అభిప్రాయం మారలేదు. ఫ్రేమును గోడకి ఆనించి, తువ్వాలు తీసుకుని, పెరట్లోకి వెళ్ళి, దండెం మీద మడత లేకుండా ఆరేశాడు.