ముప్పై ఆరు చెక్కులూ ఒక జామీనూ

ఇరవై ఏడో ఏట నాకు ఒక మోటారు సైకిలు మీద మనసు పడింది. మనిషి మీద పడవలసిన వయసులో యంత్రం మీద పడినందుకు మా అమ్మ పెద్దగా ఏమీ అనలేదు. నాలుగు రోజులు ఫోను మాత్రం ఎత్తలేదు.

తిరుపతిలో కొత్తగా పెట్టిన షోరూములో, అద్దం వెనక నిలబెట్టి ఉండేది ఆ బండి. దూర ప్రయాణాలకని ప్రత్యేకంగా చేసినది. ఎత్తయిన హ్యాండిలు, కడుపుతో ఉన్నట్టుండే పెట్రోలు ట్యాంకు, వెనక రెండు పక్కలా సామాను పెట్టెలు తగిలించుకునే కమ్మీలు. దాని మీద కొండలూ అడవులూ దాటిపోతున్న మనిషి బొమ్మ గోడ మీద ఉండేది. అప్పటిదాకా నేను చేసిన సాహసయాత్ర పండగ ముందురోజు చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సెక్కడం ఒక్కటే. వేసవి సెలవుల్లో ఆ బండి మీద పలమనేరు, బెంగళూరు దాటి పడమటి సముద్రం చూసి రావాలనుకున్నాను.

బోర్డు మీద వెల డెబ్బై రెండు వేలు. దానికి జీవితకాలపు పన్ను, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను, ఇంకా 'హ్యాండ్లింగు' అని ఒకటి కలిశాయి. హ్యాండ్లింగంటే ఏమిటని అడిగితే, బండిని లారీలోంచి దించడమని మేనేజరు చెప్పాడు. దాన్ని నేనే దించుకుంటానన్నాను. ఆయన నవ్వాడు గానీ కొట్టేయలేదు. మొత్తం ఎనభై రెండు వేలు. చిత్తూరులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పినందుకు నాకు నెలకు ఐదు వేల రెండు వందలు ఇచ్చేవాళ్ళు.

చేతిలో ఇరవై ఐదు వేలు ఉన్నాయి. మిగతా యాభై ఏడు వేలకు ఒక ఫైనాన్సు కంపెనీ ముందుకొచ్చింది. మూడేళ్ళు, వడ్డీ నూటికి పన్నెండు, నెలకు రెండు వేల నూట యాభై మూడు రూపాయలు. తీరిపోయిన అసలు మీద కూడా వడ్డీ కట్టించుకునే పద్ధతి కాబట్టి ఆ పన్నెండు నిజానికి ఇరవై ఒకటి. ఆ లెక్కను బోర్డు మీద చేసి చూపించి పిల్లలను నవ్వించినవాణ్ణి నేనే. వాళ్ళు పరీక్షలో అది సరిగ్గానే రాశారు. నేను ముప్పై ఆరు చెక్కుల మీద సంతకాలు చేశాను.

పలమనేరు దగ్గర మా నాయనకు ఎకరమున్నర చేను, రెండు పాడి ఆవులు ఉండేవి. ఫోను చేసి సంగతి చెప్పాను.

"ఆ దుడ్లకు నాలుగు సీమావులు వస్తాయి కదరా. అవి నిన్ను యాడికీ తీసకపోవు. ఉండే సోటనే పాలిస్తాయి. ఆవులకైతే సంతకం పెడతా, సెప్పు."

ఇంటి నుంచి సాయం ఏ రూపంలో వస్తుందో ఆ విధంగా తేలిపోయింది.

షోరూములో ఆ ఎర్ర బండి ఒక్కటే మిగిలింది. రెండు వేలు అడ్వాన్సు తీసుకుని నెలాఖరుదాకా పక్కన పెడతామన్నారు. ఆలోగా అప్పు మంజూరు కాకపోతే బండీ పోతుంది, అడ్వాన్సూ పోతుంది. ఇక మిగిలింది విచారణ. అప్పు ఇచ్చేముందు ఫైనాన్సు కంపెనీ మనిషి వచ్చి ఇరుగుపొరుగును విచారిస్తాడు. ఆ సంగతి నేను వీధిలో ఎవరికీ చెప్పలేదు. చెప్పి పెట్టి సాక్ష్యాలు తయారు చేయడం మర్యాద కాదనుకున్నాను. ఇలాంటి ఆలోచనలు నాకు ఖరీదైన సమయాల్లోనే వస్తాయి.

మాది మిద్దె మీద గది. కింద ఇంటాయన, ఆయన భార్య ఉండేవాళ్ళు. నేను మామా, అత్తా అనేవాణ్ణి. ఇంటాయన కోర్టులో అమీనాగా చేసి రిటైరయినవాడు. ముప్పై ఏళ్ళు జప్తు నోటీసులు తలుపుల మీద అంటించి, ఇళ్ళకు తాళాలు వేయించిన చేతులు. "నేను తాళం ఏసిన ఇండ్లల్లో సగం అప్పు తీసుకున్నోళ్ళవి కాదు అయ్యోరూ," అనేవాడు, "జామీను సంతకం పెట్టినోళ్ళవి. అందుకే మా బామ్మర్ది ఏడ్సినా నేను పెట్టలేదు." బావమరిది ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదట. దాని గురించి ఆయన బాధపడినట్టు కనిపించేది కాదు.

ఫైనాన్సు మనిషి ఒక మంగళవారం పొద్దున, నేను కాలేజీలో ఉండగా వచ్చాడు. చంకలో ఫైలు, జేబులో పెన్ను. ఈ లెక్చరరుకు జీతమెంత, తాగుతాడా, ఇల్లు సొంతమా, ఊళ్ళో ఆస్తి ఎంత అని అడిగాడు. మా వీధిలో ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి పెళ్ళి కాని మగవాడి గురించి ఈ ప్రశ్నలు వేస్తే దానికి అర్థం ఒక్కటే: పిల్లనిచ్చేవాళ్ళు విచారణకు మనిషిని పంపించారు. అప్పుడు వీధి పాటించే ధర్మమూ ఒక్కటే: ఉన్నదానికి కొంత కలిపి చెప్పడం. దాన్ని ఎవరూ అబద్ధం అనరు. చదివింపుల లెక్కలో వేసుకుంటారు.

రెండు రోజుల తర్వాత తిరుపతికి రమ్మని కబురొచ్చింది. ఫైనాన్సు మనిషి ఫైలు తెరిచి నన్ను జాలిగా చూశాడు.

"మీరు రాసిచ్చిన జీతం ఐదు వేల రెండు నూర్లు సార్. మీ ఇంటాయన పన్నెండు వేలన్నాడు. మీరు బాడుగ గది అన్నారు. మిద్దె మీ సొంతమేనని మూలలో ఇస్త్రీ బండి ఆయన సెప్పినాడు. పలమనేరు కాడ మామిడి తోట ఆరెకరాలు, ఆవులు పన్నెండు. ఇవేవీ మీ అప్లికేషన్లో లేవు."

"నాకూ ఇప్పుడే తెలిసింది," అన్నాను.

"అప్పు అంటేనే ఈ పిల్లోడికి తెలవదు, మోటరు సైకిలు ముట్టడు, బస్సులో తప్ప పోడు అని ఇంటామె సెప్పింది. మరి ఈ బండి ఎవరికోసం తీస్తా ఉండారు సార్?"

ఆస్తి దాచేవాళ్ళనూ, ఇంకొకరి కోసం తమ పేరుతో బండి తీసేవాళ్ళనూ కంపెనీ నమ్మదు. నా కేసులో రెండూ ఉన్నాయి. సొంత ఇల్లున్న మనిషి ఎవరైనా జామీను సంతకం పెడితే పైవాళ్ళకు చెప్పి చూస్తానన్నాడు. నెలాఖరుకు ఐదు రోజులు ఉంది.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని అంతా చెప్పాను.

"పిల్ల తరపోడని అనుకుంటిమి అయ్యోరూ," అన్నాడు ఇంటాయన. "మంచి నల్లప్యాంటు ఏసుకుని వచ్చినాడు. నేను కాపీ గూడా ఇప్పిస్తి."

"పన్నెండు వేలు ఎందుకు చెప్పావు మామా?"

"పక్కవీధి క్లర్కుకు తొమ్మిది సెప్పినారంట. నిన్ను తక్కువ సేస్తే బాగుంటాదా?"

అత్త లోపలి నుంచి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "సెప్పింది నువ్వు. పైన కలిపిన ఆరువేల ఎనిమిదినూర్లకూ నువ్వే దిక్కు. పెట్టు సంతకం."

"నువ్వు తక్కువ సెప్పినావా? బస్సులో తప్ప పోడంట."

"నా పేరున ఇల్లు లేదు కదా. ఉంటే పెట్టే దాన్ని."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున, జామీను కాగితం తెచ్చి చూపించమన్నాడు. సంతకానికి కాదని, ఊరికే చూడటానికని రెండుసార్లు చెప్పాడు. తెచ్చిస్తే రెండు రోజులు చదివాడు. ఎర్ర పెన్సిలుతో మూడు చోట్ల గీతలు పెట్టాడు. నెల ఆఖరి రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో తిరుపతి బస్సెక్కాడు. చంద్రగిరి దాటాక, "మా బామ్మర్దికి తెలిస్తే ఏమంటాడో," అన్నాడు.

ఆఫీసులో ఇంటాయన కుర్చీ లాక్కుని ఫైనాన్సు మనిషికి ఎదురుగా కూర్చున్నాడు.

"ఈయప్ప కట్టకపోతే నా ఇంటికి నోటీసు అంటించేది ఎవరు?"

"అది కోర్టు చూసుకుంటాది సార్. అమీనాను పంపిస్తారు."

"ఇప్పుడుండే అమీనాకు పని నేర్పించింది నేనే. వానికి గోందు సరిగా పుయ్యను రాదు," అన్నాడు.

తర్వాత పెన్ను అడిగాడు. మొదటి సంతకానికి ముందు తాను ఎర్ర గీతలు పెట్టిన మూడు చోట్లూ మళ్ళీ చదివాడు. మిగతా నాలుగూ చకచకా పెట్టేశాడు. బయటికొచ్చి నీళ్ళు తాగి, మెట్ల మీద కూర్చుని, "ఇల్లు పోతే మీ మామిడి తోటకు వస్తాం," అన్నాడు. ఆరెకరాలూ ఖాళీగానే ఉన్నాయని చెప్పాను. సాయంత్రం బండి నా చేతికొచ్చింది.

ఆ రోజు నుంచి ఇంటాయనకు ఆ బండి మీద ఏర్పడిన శ్రద్ధ మాటల్లో చెప్పలేను. పొద్దున నాకంటే ముందు లేచి టైర్లు నొక్కి చూసేవాడు. ప్రతి నెలా రెండో తారీకున నా చెక్కు చెల్లిందా అని బ్యాంకుకు వెళ్ళి ఆయనే కనుక్కుని వచ్చేవాడు. ఇస్త్రీ బండి ఆయన, "ఏమన్నా, కొత్తల్లుడు బాగుండాడా?" అంటే, "ఇంగా ముప్పై నాలుగు నెలలు బాగుండాల," అనేవాడు.

వేసవి సెలవుల్లో నేను బయలుదేరుతుంటే తానూ పలమనేరు దాకా వస్తానన్నాడు. ఘాటు రోడ్డులో బండి ఎలా లాగుతుందో చూసి బస్సులో తిరిగొచ్చేస్తాడట. వెనక కూర్చుని నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. మొగిలి ఘాటులో మలుపు వచ్చినప్పుడల్లా చెవి దగ్గర ఒకే మాట: "మెల్లగ. నువ్వు తోల్తా ఉండేది నా ఇంటిని."

పలమనేరులో చల్లగాలి తగిలింది. టీ తాగుతూ బండి వైపు చూశాడు, నా వైపు చూశాడు, బెంగళూరు రోడ్డు వైపు చూశాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో తన కోర్టు హద్దు దాటి ఎక్కడికీ పోయిన మనిషి కాదు.

"సముద్రం ఇంగెంత దూరం ఉండాది?"

"రెండు రోజులు, మామా."

"రెండు రోజులు జామీను ఇచ్చినోడు కండ్ల ముందర లేకుంటే ఎట్లప్పా?" అని గ్లాసు కింద పెట్టి, అత్తకు చెప్పడానికి ఎస్టీడీ బూతుకు నడిచాడు. రెయిన్‌కోటు కోసం బండి వెనక కుడివైపు పెట్టె తెరిచాను. అందులో ఆయన రెండు పంచెలు, టవలు, పళ్ళపొడి, మడతపెట్టి సర్ది ఉన్నాయి. అది అత్త చేతి మడత.