పూత ఉన్నా పట్టని ఎముక

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నానమ్మ వాడే తంబాకు మంజన్‌ను, అంటే పొగాకు కలిపిన పళ్లపొడిని, పదిహేడో ఏట నుంచి నేను కూడా చిగుళ్లకు రుద్దుకునేదాన్ని. మొదట పంటినొప్పికని ఆమే పెట్టింది. తర్వాత నొప్పి లేకపోయినా అది లేనిదే నాకు పొద్దు మొదలయ్యేది కాదు. డైరీలో కూడా రాసుకోలేదు.

నిరుడు ఒక ఉదయం వేయించిన శనగలు నములుతుంటే కుడివైపు కోరపన్ను పక్కది చీలింది. సంతోష్‌నగర్‌లో పళ్ల డాక్టర్ చూసి, చీలిక వేరు దాకా పోయిందని తీసేశారు. స్కాన్ తీయించి, దవడ ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పన్ను కట్టే ఇంప్లాంట్ పెడదామన్నారు.

"ఈ స్క్రూ మీద బయోయాక్టివ్ కోటింగ్ ఉంటదమ్మా. ఎముక జల్ది అతుక్కుంటది. కానీ తంబాకు ఉంటే కోటింగ్ ఉన్నా కష్టమే. అలవాటేమన్న ఉన్నదా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ నవ్వింది. "మా పిల్లకా? పుస్తకాల పురుగు సార్ ఇది. మా ఇంట్ల పాన్ గూడ ఎవ్వరు ముట్టరు."

కార్వాన్‌లోని మా ఇంట్లో మంజన్ తంబాకు లెక్కలోకి రాదు. డబ్బా మీద చదివినదాన్ని, నాకు తెలుసు. తల దించుకున్నాను.

కోటింగే చూసుకుంటుందిలే అనుకున్నాను. స్క్రూ పెట్టి వేసిన కుట్లు విప్పిన వారానికే మళ్లీ మంజన్ రుద్దడం మొదలుపెట్టాను. రెండో నెలలో చిగుళ్లు ఉబ్బాయి. నాలుకతో తోస్తే ఇంప్లాంట్ కదిలింది. ఎక్స్‌రేలో స్క్రూ చుట్టూ నల్లటి గీత.

"ఎముక పట్టలేదమ్మా. ఇన్‌ఫెక్షన్ గూడ ఉంది," అని తీసేశారు. ఉన్న ఎముక కూడా కొంత కరిగిపోయిందట.

అమ్మ అక్కడే లొల్లి చేసింది. "కోటింగట కోటింగ్! మా పిల్ల నోరు ఖరాబ్ చేసిన్రు గదా!" బయట కూర్చున్న వాళ్లంతా విన్నారు. మొదటి రోజు తంబాకు సంగతి అమ్మ ముందు ఎందుకు అడగాలి అని డాక్టర్ మీదే కోపం తెచ్చుకోబోయాను. అదీ నిలవలేదు.

మంజన్ మానేసి ఐదు నెలలైంది. ఎడమవైపే నములుతున్నాను. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాను. మళ్లీ ఇంప్లాంట్ కావాలంటే ముందు బోన్ గ్రాఫ్ట్ చేసి, కరిగిన చోట ఎముక నింపాలట. తప్పంతా డాక్టర్‌దేనని అమ్మ ఇప్పటికీ బంధువులకు చెబుతోంది, నా ముందే.

మీకు ఇంప్లాంట్ పెట్టించుకోవలసి వస్తే, మొదటి రోజే డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. నోట్లో పెట్టుకునేవన్నీ చెప్పండి, ఇంట్లో వాటికి ఏ పేరున్నా సరే.

స్క్రూ తీసేసిన ఆ రోజు, లొల్లి చేశాక, అమ్మ స్కాన్ కాగితాలు లాక్కుని విసురుగా బయటికి నడిచింది. డాక్టర్ తలుపు దగ్గరికి వేసి, గ్లవ్స్ తీస్తూ, నా వైపు చూడకుండా అన్నారు:

"అమ్మ బయటికి పోయింది. ఇప్పుడన్న చెప్తవా, బిడ్డా?"