లేర్కె వేలి మీద వెన్న

డోర్టె క్విస్ట్ పదహారేళ్లు డెన్మార్క్ ఉత్తరకొసన హిర్ట్స్‌హాల్స్ రేవులో చేపలు కోసింది. ఏ చేపనైనా అరచేతిలో ఒకసారి ఎగరేసి బరువు చెప్పేది. కాటాకీ ఆమెకీ ఇరవై గ్రాములకు మించి తేడా వచ్చేది కాదు. అక్టోబరులో మా తల్లుల గుంపుకు వచ్చిన మొదటి గురువారమే, గుంపులోని లేర్కె కొడుకు బెర్టిల్‌ని అడక్కుండా ఎత్తుకుని, "ఎనిమిది కిలోల నాలుగొందలు," అంది. లేర్కె మురిసిపోయింది. డోర్టె మాత్రం వాణ్ణి, ఎత్తుకొచ్చిన వస్తువును సొంతదారు కళ్లముందే వాపసు చేస్తున్నట్టు ఇచ్చింది.

అదే నెలలో పుట్టిన డోర్టె కొడుకు ఆస్కెర్ అయిదు కిలోలు.

మా గుంపును మేం ఎంచుకోలేదు. ఇంటింటికీ తిరిగే శిశు నర్సు ఇంగెలిసె, దగ్గర వీధుల్లో ఏప్రిల్‌లో కన్న నలుగుర్ని జతచేసి జాబితా చేతిలో పెట్టింది. గురువారానికి ఒకరింట్లో బన్నులు, వెన్న, కాఫీ. పిల్లలు, మా దేశంలో అలవాటే, బయట చూరు కింద పిల్లల బండ్లలో నిద్రపోతారు. మా ఊరి గాలికి బండ్లు దొర్లిపోకుండా గోడ కొక్కేలకు పడవ తాళ్లతో కడతాం. ఏ బండిలో ఏడుపు మొదలైనా లోపల బల్ల మీది చిన్న రేడియో పెట్టెలో వినిపిస్తుంది.

ఆస్కెర్ పుట్టినప్పుడు వాడి అన్నవాహిక గొంతు దిగి కొంతదూరం వచ్చి మూసుకుపోయింది. కడుపు నుంచి పైకొచ్చే ముక్క వేరేచోట ఆగింది. మూడో నెలలో డాక్టర్లు రెంటినీ కలిపి కుట్టారు. దారి పడింది గానీ ఆ దారిన ఏదైనా దింపాలని వాడికి తెలియదు. ముక్కులోంచి కడుపుదాకా సన్నటి గొట్టం, అది జారకుండా బుగ్గ మీద టేపు, పాలన్నీ అందులోంచే. రోజుకు మూడుసార్లు నోటికి చెంచా అందించమన్నారు. మింగడం నేర్చుకుంటే గొట్టం తీసేస్తామన్నారు. భర్త యెప్పె చేపల పడవ మీద పదేసి రోజులు సముద్రంలోనే ఉంటాడు. చెంచా పట్టేది డోర్టె, పెదవులు బిగించి తల తిప్పుకునేది ఆస్కెర్.

"ఇలాంటి పిల్లలు గట్టి తల్లుల్ని వెతుక్కుని వస్తారమ్మా," అంది ఇంగెలిసె ఒకసారి.

"అయితే వీడు అడ్రసు తప్పాడు. నాకు ఓపికే లేదు," అంది డోర్టె.

ఆ మాట ఇంగెలిసె ఎన్ని ఇళ్లలో వాడిందో గానీ, నోరు మూయించడానికి తప్ప ఇంకెందుకూ పనికొచ్చినట్టు నేను చూడలేదు. డోర్టెకు ఓదార్పు అక్కర్లేదు. కొడుకు మొదటి ముద్ద మింగాలి, అది తన చేతి ముద్దే అయివుండాలి. ఆ రెండో సగాన్ని ఆమె ఎప్పుడూ దాచుకోలేదు. "పొట్ట కోయించుకుని కన్నదాన్ని నేను. ఆ మాత్రం నాకు రావాలి కదా?" అనేది. బెర్టిల్ అరటిపండు గుజ్జు తింటుంటే కిటికీ వైపు కుర్చీ తిప్పుకుని కూర్చునేది.

నవంబరులో ఒక గురువారం వంతు డోర్టె ఇంటిది. ఆమె వంటింట్లో పాల సిరంజి కడుగుతుండగా బల్ల మీది పెట్టెలో ఆస్కెర్ మూలుగు వినిపించింది. "నువ్వుండు, నే చూస్తా," అని లేర్కె బన్ను చేత్తో పట్టుకునే బయటికెళ్లింది.

పెట్టెలోంచి ఆమె గొంతు వచ్చింది. "ఏరా దొరా, లేచావా? అరె, నా వేలు నీకెందుకురా? అది వెన్నరా పిచ్చోడా..." కాసేపు గాలి చప్పుడు. తరవాత, "అమ్మో! మింగావా? ఏదీ, ఇంకోసారి... మింగాడే! వీడు మింగాడర్రోయ్!"

డోర్టె సిరంజిని తొట్టిలో వదిలేసి, తడిచేతులతోనే బయటికి నడిచింది. మేం వెనకాలే.

"నా పిల్లాడి నోట్లో వేలు పెట్టమని నీకెవరు చెప్పారు?"

"నేను పెట్టలేదు, వాడే లాక్కున్నాడు. డోర్టె, మింగాడే! రెండుసార్లు!"

"పొలమారితే? ఆ కుట్లు నువ్వు కుట్టావా?"

"పొలమారలేదు కదా!"

"నీకొకడున్నాడుగా, వాణ్ణి మేపుకో. నావాడి జోలికి రాకు."

లేర్కె ముఖం కందిపోయింది. అది భయంతో అన్న మాటేనని తరవాత దారిలో మేం ఆమెకు నచ్చచెప్పాం. అబద్ధం. అక్కడున్న అందరికీ తెలుసు, పొలమారుతుందన్న భయం ఉన్నమాట నిజమే గానీ ఆ గొంతులో పలికింది అది కాదు.

ఆ తరవాత నాలుగు రోజులూ డోర్టె తన వేలికి వెన్న రాసి చూసింది. ఉప్పు వెన్న, ఉప్పులేని వెన్న, లేర్కె కొనే కొట్లోంచే తెచ్చిన వెన్న. తన చెయ్యి బుగ్గ దగ్గరికి రాగానే వాడు కళ్లు గట్టిగా మూసుకునేవాడు. సోమవారం టేపు మార్చబోతుంటే కళ్లు అలాగే మూశాడు, పెదవులు అలాగే బిగించాడు. అప్పుడర్థమైంది ఆమెకు. టేపు పీకేదీ గొట్టం దింపేదీ ఈ చెయ్యే. ఏడు నెలలుగా వాడి ముఖం మీదికి ఈ చెయ్యి దేనికొచ్చినా నొప్పే తెచ్చింది. గొట్టం పని నేర్చుకున్నందుకు ఆమెకు దక్కిన జీతం అది.

లేర్కెకు ఫోన్ చేసింది. క్షమాపణ చెప్పలేదు. "రేపు పదకొండింటికి రా. చేతులు కడుక్కుని ముట్టుకో," అంది. తరవాత డాక్టర్ల దగ్గర అనుమతి తీసుకుంది. పక్కన ఎవరైనా చూస్తుండాలి, వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టాలి అన్నారు. ఆ చూసే పని నాకు పడింది.

లేర్కె బెర్టిల్‌ని తీసుకుని రోజూ వచ్చేది. తాను గదిలో ఉంటే వాడు నోరు తెరవడని డోర్టె ఆ అరగంటా బెర్టిల్‌ని బండిలో వేసుకుని రేవుదాకా వెళ్లేది. అక్కడ పాత తోటి పనివాళ్లు బండిలోకి తొంగిచూసి, "ఓహో, బొద్దుగా ఉన్నాడే! ఏం పెడుతున్నావేంటి?" అనేవారు.

"జావ," అనేది డోర్టె. తన పిల్లాడు కాదని ఒక్కరికీ చెప్పలేదు. ఇది ఆమే మాకు చెప్పింది, సిగ్గుపడకుండా. "తొమ్మిది కిలోలు తోస్తుంటే ఎంత బావుంటుందో మీకేం తెలుసు, మీకు రోజూ ఉండేదే కదా," అంది.

డిసెంబరులో ఒకరోజు యెప్పె సముద్రం నుంచి సరిగ్గా పదకొండున్నరకు వచ్చాడు. ఆస్కెర్ అయిదో చెంచా జావ మింగుతున్నాడు. యెప్పె బూట్లు కూడా విప్పకుండా లేర్కె భుజం మీద తల పెట్టి ఏడ్చేశాడు.

అప్పుడే తిరిగొచ్చిన డోర్టె, బెర్టిల్‌ని చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడింది. "ఏడవడానికి ఈ ఇంట్లో ఇంకో భుజం దొరకలేదా నీకు?"

యెప్పె నవ్వాడు, ముక్కు తుడుచుకున్నాడు. "నువ్వూ ఒక చెంచా పెట్టవే, చూస్తా."

లేర్కె గబగబా లేచి కుర్చీ ఇచ్చింది. డోర్టె బెర్టిల్‌ని ఆమెకిచ్చి కూర్చుంది. చెంచా నింపి, అంచు తుడిచి, మెల్లగా ముందుకు జరిపింది. ఆస్కెర్ తల్లిని చూశాడు, చెంచాను చూశాడు, పెదవులు బిగించాడు. ఆమె లెక్కపెట్టినట్టు ఆగింది. మళ్లీ జరిపింది. వాడు కళ్లు మూసుకున్నాడు.

డోర్టె లేచి బెర్టిల్‌ని లాక్కున్నట్టే తీసుకుని, చెంచా లేర్కె చేతిలో పెట్టింది.

"కానీయ్. చల్లారిపోతోంది."